క్యారెట్ ఆకు మాడిపోతోంది: మందు కొట్టాలా, గడ్డ పీకేయాలా?

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర ఒక పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, వ్యవసాయం నాన్న చూసుకుంటారు. ఎకరంన్నర ఎర్ర చెలకలో హైబ్రిడ్ క్యారెట్ వేశారు. విత్తి 68 రోజులైంది. మధ్యలో నాలుగు రోజులు ముసురు పట్టింది. అది వెలిసిన పది రోజులకు కింది ఆకుల అంచులు నల్లబడడం మొదలైంది. ఇప్పుడు గట్టు మీద నుంచి చూస్తే మడి అక్కడక్కడ నిప్పు సెగ తగిలి కమిలినట్టు కనిపిస్తోంది. మందుల దుకాణంలో మూడు మందులు కలిపి ఇచ్చారు. అందులో ఒకటి పురుగు మందు, ఒకటి స్ట్రెప్టోసైక్లిన్, ఇంకొకటి తెల్ల పొడి. వారం తేడాతో రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. యూరియా తక్కువైందని ఒకరు, వైరస్ అని ఇంకొకరు, పక్క చేనులో టమాటా నుంచి అంటుకుందని మరొకరు అంటున్నారు. స్ప్రింక్లర్లతో సాయంత్రం పూట నీళ్లు పెడతాం. నాన్నకు రాత్రి నిద్ర పట్టడం లేదు. ఈ గడ్డ తినొచ్చా? ఆకు బర్రెలకు వేయొచ్చా? ఇంకా మందు కొట్టాలా, లేక ఉన్నది ఉన్నట్టు పీకేయాలా? ఫొటోలు పంపుతున్నాను.

సమాధానం: అమ్మా, మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ముందుగా మీ నాన్నగారి టెన్షన్ కొంత తగ్గించే మాట చెబుతాను. ఇది ఆకుకు వచ్చిన తెగులు. గడ్డలోకి దిగదు. ఆకులు ఇంత మాడినా ఫొటోలో ఆయన పీకి చూపించిన గడ్డ నున్నగా, మంచి రంగులో ఉంది చూడండి. ఆ గడ్డ నిస్సందేహంగా తినొచ్చు, అమ్మొచ్చు. మందు కొట్టాక ఆగాల్సిన రోజులు మాత్రం ఆగాలి. దాని సంగతి కింద చెబుతాను.

ఫొటోలను, మీరు రాసిన వివరాలను కలిపి చూస్తే ఇది ఆల్టర్నేరియా ఆకుమాడు తెగులు అనే అనిపిస్తోంది. ఆల్టర్నేరియా డాసి అనే శిలీంద్రం వల్ల వస్తుంది. క్యారెట్ పండించే దేశాలన్నిటిలో ఇది ఉంది. ముదురు ఆకుల్లో ముందుగా రావడం, ఆకులోని సన్నటి చీలికల అంచుల దగ్గర మొదలవడం, మచ్చ ముదురు గోధుమ నుంచి నలుపుకు తిరగడం, చుట్టూ సన్నని పసుపు అంచు ఉండడం, ముసురు వెలిసిన వారం పది రోజులకు బయటపడడం, ఇవన్నీ దాని గుర్తులే. మచ్చలు పెరిగి కలిసిపోయి, చీలికలో దాదాపు 40 శాతం పాడయ్యేసరికి ఆ చీలిక మొత్తం ముడుచుకుని ఎండిపోతుంది. గట్టు మీద నుంచి మీకు కమిలినట్టు కనిపించేది అదే.

అయినా ఫొటో చూసి చెప్పినదాన్నే ఖాయం అనుకోకండి. ఒక్కసారి మడిలోకి దిగి దగ్గరగా చూడాలి. గట్టు మీద నిలబడి చూస్తే అన్ని తెగుళ్లూ ఒకేలా ఉంటాయి, అందుకే దుకాణంలో అన్నిటికీ కలిపి ఒకే సంచీ కట్టి ఇస్తారు. నాన్నగారిని పొద్దున్నే, మంచు ఆరకముందే వెళ్లమనండి. మడిలో పది చోట్ల ఆగి, ఒక్కో చోట కింది ఆకు ఒకటి, మధ్య ఆకు ఒకటి, గుబురు నడుమ లేత ఆకు ఒకటి తుంచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడమనండి. ఏ వయసు ఆకుకు మచ్చ ఉందన్నదే సగం సమాధానం చెబుతుంది.

మచ్చలు లేత ఆకుల్లోనే ఎక్కువగా ఉండి, చిన్నగా, గుండ్రంగా, మధ్యలో లేత బూడిద రంగుతో, చుట్టూ ముదురు గోధుమ గీతతో ఉంటే అది సెర్కోస్పోరా ఆకుమచ్చ. అదీ శిలీంద్రమే. సాధారణంగా ఆల్టర్నేరియా కంటే ముందే, పైరు ఇంకా చిన్నగా ఉన్నప్పుడే వస్తుంది. ఈ రెండింటికీ వాడే మందులు దాదాపు ఒకటే కాబట్టి తేడా పట్టలేకపోయినా పెద్దగా నష్టం లేదు. రెండూ ఒకే మడిలో కనిపించడం కూడా మామూలే.

తేడా తప్పకుండా పట్టాల్సింది బ్యాక్టీరియా వల్ల వచ్చే ఆకుమాడు విషయంలో. అదీ గోధుమ రంగు మచ్చ, పసుపు అంచుతోనే ఉంటుంది, అనుభవం ఉన్నవాళ్లు కూడా పొరబడతారు. కాడలను వేళ్లతో తడిమి చూడండి. గోధుమ రంగు జిగురు కారి, ఆరి అంటుకుని ఉంటే బ్యాక్టీరియా అని అనుమానించాలి. మచ్చ మొదట్లో నీరు పట్టినట్టు కూడా ఉంటుంది. అదే అయితే శిలీంద్రం మందులు ఎన్ని కొట్టినా పని చేయవు. రాగి మందు, అంటే కాపర్ ఆక్సీక్లోరైడ్, కొంతవరకు అదుపు చేస్తుంది. మీ ఫొటోల్లో కాడల మీద జిగురు కనిపించలేదు. కాడల మీద పొడవాటి నల్లటి చారలు ఉన్నాయి, అవి ఆల్టర్నేరియావే.

ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఒకటి ఉంది. మచ్చలున్న ఆకులు నాలుగు కోసి, తడిపి పిండిన కాగితంతో పాటు పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ఎండ తగలని చోట ఒకటి రెండు రోజులు ఉంచి, తర్వాత భూతద్దంతో చూడండి. మచ్చల మీద నల్లటి నూగు లాంటిది పెరిగి ఉంటే శిలీంద్రమే. ఆ నూగే దాని విత్తనాలు, అంటే సిద్ధబీజాలు.

ఇక ఊళ్లోవాళ్ల మాటలు. యూరియా తక్కువైతే కింది ఆకు మొత్తం ఒకేలా పాలిపోయి పసుపు పచ్చబడుతుంది, నల్ల మచ్చలు రావు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది, దానికి తర్వాత వస్తాను. వైరస్ అనుకోవడానికి ఆధారం కనిపించలేదు. ఆకులు ఎర్రగా, ఊదాగా మారి, నడుమ నుంచి సన్నటి పిలకలు గుత్తులుగా వచ్చి, గడ్డ నిండా వెంట్రుకల్లాంటి వేర్లు పుడితే అది దీపపు పురుగులు మోసుకొచ్చే వేరే జబ్బు. మీ పైరులో అలాంటిదేమీ లేదు. టమాటా రైతును మాత్రం తప్పు పట్టకండి. టమాటాకు మచ్చలు తెచ్చే ఆల్టర్నేరియా వేరు, క్యారెట్‌ది వేరు. పేరు ఒకటే అయినా అక్కడిది ఇక్కడికి అంటుకోదు.

మీకు ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది? ఈ శిలీంద్రం మూడు దారుల్లో వస్తుంది. విత్తనంతో పాటు రావచ్చు. అదే మడిలో పాత క్యారెట్ ఆకు కుళ్లకుండా మిగిలి ఉంటే దాని నుంచి రావచ్చు. లేదా గాలి వాటున పక్కనున్న ముదురు క్యారెట్ మడి నుంచి రావచ్చు. మీ ప్రాంతంలో మూడో దారే ఎక్కువ అని నా అభిప్రాయం. చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్ వైపు ధర పడిపోతుందన్న భయంతో ఒకేసారి విత్తకుండా, పది పదిహేను రోజుల తేడాతో విడతలుగా విత్తుతారు. మార్కెట్‌కు అది మంచిదే. తెగులుకూ అంతే మంచిది, ముదురు మడి అయిపోయేలోపు పక్కనే లేత మడి సిద్ధంగా దొరుకుతుంది. ఉదయం ఆకు ఆరే వేళకు సిద్ధబీజాలు గాలిలోకి లేస్తాయి. గాలి ఎటు వీస్తే అటున్న మడికి ముందు తగులుతుంది.

గాలికి వచ్చి ఆకు మీద వాలినంత మాత్రాన తెగులు రాదు. ఆకు తడిగా ఉండాలి, అదీ గంటల తరబడి. వాతావరణం అనుకూలంగా ఉన్నప్పుడు 8 నుంచి 12 గంటలు ఆకు మీద తడి నిలిచి ఉంటే అది మొలకెత్తి లోపలికి దిగుతుంది. 28 డిగ్రీల దగ్గర దీని జోరు ఎక్కువ, దానికి అటూ ఇటూ కూడా పెరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు మీ నీటి పద్ధతి చూడండి. సాయంత్రం స్ప్రింక్లర్ వేస్తే ఆకు తడుస్తుంది. రాత్రి ఎండ లేదు, గాలి తక్కువ. తెల్లవారుజామున మంచు పడుతుంది. మర్నాడు తొమ్మిది గంటల దాకా ఆకు ఆరదు. ముసురు నాలుగు రోజులే పట్టింది గానీ, మీ మడిలో ప్రతి తడికీ ఒక ముసురు రాత్రి వస్తోంది. మందు ఎంత కొట్టినా తగ్గకపోవడానికి నాకు కనిపించిన మొదటి కారణం ఇదే. రేపటి నుంచే నీళ్లు పెట్టే వేళ మార్చండి. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య, మంచు ఎలాగూ ఆకు మీద ఉన్న సమయంలోనే స్ప్రింక్లర్ మొదలుపెట్టి, పదిన్నర లోపు ఆపేయండి. మధ్యాహ్నానికి ఆకు పొడిగా ఉంటుంది. కరెంటు పగటిపూట దొరకని రోజు ఉంటే, ఆ రోజు తడి మర్నాటికి వాయిదా వేయడమే నయం. రోజూ కొంచెం కొంచెం పెట్టే అలవాటుంటే దాన్ని కూడా మానేసి, నేల బాగా తడిసేలా పెట్టి, తడికీ తడికీ మధ్య ఎడం పెంచండి. వచ్చే పంటకు డ్రిప్ వేసుకోగలిగితే ఇంకా మేలు. ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు లేదు. ఏ మందు గురించైనా మాట్లాడే ముందు ఇది చేయాలి.

మందు పని చేయలేదనడానికి మిగతా కారణాలు ఇవి. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు. ఏ మందూ దాన్ని బాగు చేయలేదు. మందు కాపాడేది ఇంకా మచ్చ రాని ఆకును. పైగా శిలీంద్రం లోపలికి దిగిన రోజుకూ మచ్చ కనిపించే రోజుకూ మధ్య 8 నుంచి 10 రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మీరు మొదటిసారి కొట్టిన రోజున పచ్చగా కనిపించిన ఆకుల్లో చాలావాటికి అప్పటికే తెగులు సోకి ఉంటుంది. అవి తర్వాత నల్లబడడం చూసి మందు పని చేయలేదని అనుకున్నారు. పని చేసిందా లేదా తెలుసుకోవాలంటే కింది ఆకు చూడకూడదు. మందు కొట్టిన రోజున నడుమ ఉన్న లేత ఆకుల్లో కొన్నిటికి రంగు దారం కట్టి, రెండు వారాల తర్వాత వాటిని చూడాలి.

ఇక ఆ సంచీలోని మూడు మందులు. పురుగు మందుకు ఈ తెగులుతో సంబంధం లేదు. ఫొటోల్లో పురుగు తిన్న గుర్తులు కూడా లేవు. స్ట్రెప్టోసైక్లిన్ బ్యాక్టీరియా మీద పనిచేసే యాంటీబయాటిక్, శిలీంద్రాన్ని ఏమీ చేయదు. అంతకంటే ముఖ్యం, పంటల మీద దాని వాడకాన్ని మన దేశంలో 2024 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపేశారు. మనుషుల జబ్బులకు వాడే మందులను పొలాల్లో చల్లితే, ఆ మందులకు లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది. పచ్చిగా కొరుక్కుని తినే క్యారెట్ మీద అది అసలు పడకూడదు. ఇంట్లో మిగిలి ఉంటే వాడొద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి, ఎవరు ఇచ్చినా తీసుకోవద్దనండి. మూడింటిలో పనికొచ్చే అవకాశం ఉన్నది ఆ తెల్ల పొడి ఒక్కటే, దాని డబ్బా మీద పేరు చూడకుండా నేను ఏమీ అనను. డబ్బా లేకుండా పొట్లం కట్టి ఇచ్చిన మందును ఇకపై కొనకండి. బిల్లు కూడా తప్పక అడగండి.

కొట్టే తీరు కూడా ముఖ్యం. క్యారెట్ ఆకు సన్నగా చీలి ఉంటుంది, నీటి బొట్టు దాని మీద నిలవకుండా జారిపోతుంది. గుబురు దట్టంగా ఉంటే మందు పైపైనే పడుతుంది, తెగులు ఉన్నది కింద. ఈ వయసు పైరుకు ఎకరాకు 200 లీటర్ల మందు నీళ్లు పట్టాలి. అంటే 16 లీటర్ల పంపుతో పన్నెండు పదమూడు ట్యాంకులు. చాలామంది ఆరేడు ట్యాంకులతో ముగించేస్తారు. మీరు ఎన్ని కొట్టారో రాయలేదు, నాన్నగారిని అడగండి. మందు ఆకుకు అంటుకునేలా చేసే జిగురు మందు కలపాలి, సన్నటి తుంపర వచ్చే నాజిల్ వాడాలి, సాలు వెంట నడుస్తూ రెండు పక్కల నుంచీ కొట్టాలి. మందు కొట్టిన సాయంత్రమే స్ప్రింక్లర్ వేస్తే అంతా కడుక్కుపోతుంది. కనీసం ఒక రోజు ఆగాలి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. దీనికి జవాబు మందు డబ్బా మీద ఉండదు, మీ మడిలో ఉంటుంది. ఈ తెగులు తెచ్చే నష్టం రెండు రకాలు. ఆకు చచ్చిపోతే గడ్డకు చేరాల్సిన ఆహారం ఆగిపోయి, గడ్డ సన్నగా ఉండిపోతుంది. రెండోది, కాడలు మెత్తబడి పీకేటప్పుడు పుటుక్కున తెగిపోతాయి. గడ్డ నేలలోనే ఉండిపోతే గడ్డపారతో తవ్వాలి, కూలి ఖర్చు పెరుగుతుంది, కొన్ని గడ్డలు విరుగుతాయి. ఈ రెండో నష్టాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. గడ్డ ఇంకా లావెక్కుతుందని ఆశపడి ఆగి, చివరకు కూలీలకు ఎక్కువ ఇచ్చుకున్నవాళ్లు మీ వైపే ఉన్నారు.

అందుకని మడిలో నాలుగైదు చోట్ల, బాగున్న చోటా బాగాలేని చోటా, పదేసి గడ్డలు పీకి చూడమనండి. పీకేటప్పుడు ఎన్ని కాడలు తెగాయో, ఎన్ని గడ్డలు మార్కెట్‌లో అమ్ముడుపోయే సైజుకు వచ్చాయో లెక్కపెట్టమనండి. నడుమ ఆకులు పచ్చగా ఉన్నాయా, కొత్త ఆకు వస్తోందా అన్నది కూడా చూడాలి.

మీ హైబ్రిడ్ రకాలకు 90 నుంచి 100 రోజులు పడుతుంది. 68 రోజులే అయింది కాబట్టి ఇంకా మూడు నాలుగు వారాల పెరుగుదల ఉంది, గడ్డ బరువులో చాలా భాగం వచ్చేది ఈ వారాల్లోనే. ఫొటోల్లో చూసినంతవరకు నడుమ ఆకులు పచ్చగానే ఉన్నాయి. సగానికి పైగా ఆకు పచ్చగా మిగిలి ఉంటే పైరును కాపాడుకోవడమే సరైన పని, మీ విషయంలో నేను చెప్పేది అదే. మడిలో పూర్తిగా కమిలిన చోట్లను మాత్రం వేరుగా చూడండి. అక్కడ గడ్డలు సగం సైజుకు వచ్చి ఉంటే ఆ ముక్కను ముందు పీకించి దగ్గరి సంతలో చిన్న క్యారెట్‌గా అమ్మేయండి. మాడిన ఆకును అక్కడే వదలకుండా తీసేస్తే మిగతా మడికి సోకేది కూడా తగ్గుతుంది. ఇదే ప్రశ్న మీరు 85వ రోజున అడిగి ఉంటే, ఒక్క మందు కూడా కొనకుండా పీకేయమని చెప్పేవాణ్ని.

కాపాడుకోవాలి అనుకుంటే మందులు ఇలా. మొదటి పిచికారీకి ఆకు మీద పొరలా నిలిచి కాపాడే మందు వాడాలి. మాంకోజెబ్ 75 శాతం పొడి లీటరుకు 2.5 గ్రాములు, అంటే 16 లీటర్ల ట్యాంకుకు 40 గ్రాములు. లేదా క్లోరోథలోనిల్ 75 శాతం పొడి లీటరుకు 2 గ్రాములు. ఏదో ఒకటి చాలు, రెండూ కలపొద్దు. ఏడు నుంచి పది రోజుల తర్వాత లేత ఆకుల్లో కొత్త మచ్చలు వస్తూనే ఉంటే, ఆకు లోపలికి ఇంకే మందు ఒకసారి కొట్టాలి. అజాక్సిస్ట్రోబిన్ 23 శాతం ద్రావకం లీటరుకు 1 మి.లీ. గానీ, డైఫెనోకొనజోల్ 25 శాతం ద్రావకం లీటరుకు అర మి.లీ. గానీ వాడొచ్చు. ఈ లోపలికి ఇంకే మందులను వెంటవెంటనే రెండుసార్లు కొట్టకూడదు. అలా కొడితే శిలీంద్రం వాటికి అలవాటు పడిపోతుంది, తర్వాత మీ ఊరు మొత్తానికి ఆ మందు పనికిరాకుండా పోతుంది. ముసురు లేక, నీటి వేళ మారి, కొత్త మచ్చలు ఆగిపోతే రెండో పిచికారీ అవసరమే ఉండదు. క్యాలెండర్ చూసి కొట్టొద్దు, ఆకు చూసి కొట్టండి.

కొనే ముందు డబ్బా మీది లేబుల్ చదవండి. ఏయే పంటలకు వాడొచ్చో, కొట్టాక ఎన్ని రోజులకు కోయాలో దాని మీద ఉంటుంది. అనుమతి ఉన్న పంటల జాబితా మారుతూ ఉంటుంది కాబట్టి, క్యారెట్ పేరు కనిపించకపోతే మండల ఉద్యాన అధికారిని అడిగి ఆయన చెప్పినదే వాడండి. గడువు రోజుల విషయంలో రాజీ పడొద్దు. కోతకు తేదీ అనుకుని, దాని నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని ఆఖరి పిచికారీ ఎప్పుడో నిర్ణయించుకోండి. నాన్నగారు మూతికి మాస్కు, చేతికి తొడుగులు, ఒంటి నిండా బట్టలు లేకుండా పంపు ఎత్తుకోకూడదు. కళ్లకు అద్దాలు కూడా ఉంటే మంచిది. మన రైతులు ఈ మాట వింటూనే ఉంటారు, పాటించేది తక్కువ. మీరు పట్నం నుంచి వెళ్లేటప్పుడు అవి కొని తీసుకెళ్లండి, ఆయన కాదనలేరు.

యూరియా సంగతి చెబుతానన్నాను కదా. నత్రజని బాగా తగ్గిన పైరుకు ఆల్టర్నేరియా మరింత తొందరగా తగులుతుంది, ఆకు ముందే ముసలిదవుతుంది. మచ్చలు లేని ఆకులు కూడా పాలిపోయి ఉంటే, లీటరుకు 10 గ్రాముల యూరియా కలిపి ఒక్కసారి విడిగా పిచికారీ చేయొచ్చు. మందుతో కలపొద్దు. నేలలో మాత్రం ఇప్పుడు యూరియా చల్లకండి. ఈ దశలో ఎక్కువైతే ఆకు గుబురుగా పెరిగి లోపల తేమ నిలుస్తుంది, గడ్డ లావు కావడం వెనకబడుతుంది.

బర్రెల మేత విషయంలో నా మాట కచ్చితం. ఈ పైరు ఆకు వేయకండి. మచ్చల ఆకు మంచి మేత కాదు, అది ఒక కారణం. మీరు ఇప్పటికే రెండుసార్లు మందులు కలిపి కొట్టారు, ఇకపైనా కొట్టబోతున్నారు. ఆ మందంతా ఉన్నది ఆకు మీదే. బర్రె తింటే పాలలోకి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఆ పాలు తాగేది మన పిల్లలే. ఒక పంటకు ఆకు మేత పోయినా ఫరవాలేదు.

కోత రోజున ముందుగా నేల తడిపి, పదును చూసుకుని, సాలు పక్కన ముళ్లపారతో మట్టి గుల్ల చేసి పీకిస్తే కాడలు తెగడం తగ్గుతుంది. బోయిన్‌పల్లి మార్కెట్‌కు పంపేటప్పుడు ఆకు కోసే పంపుతారు కాబట్టి ఆకు మచ్చల వల్ల ధర తగ్గదు. కోసిన ఆకును గట్ల మీద కుప్పలు పోయకండి. ఆ కుప్ప నుంచే పక్క మడికి సిద్ధబీజాలు ఎగురుతాయి. మడిలోనే పరిచి, రోటవేటర్‌తో సన్నగా కొట్టించి, లోతుగా దున్ని, ఒక తడి పెట్టండి. ఆకు ఎంత తొందరగా కుళ్లితే శిలీంద్రం అంత తొందరగా చస్తుంది. ఎండి, గట్టిగా మిగిలిన ఆకు ముక్కలోనే అది తర్వాతి పంట దాకా బతుకుతుంది.

వచ్చే పంట గురించి మీరు అడగలేదు గానీ, చెప్పకుండా వదల్లేను. ఈ మడిలో కనీసం రెండేళ్లు క్యారెట్ వేయకండి. మొక్కజొన్న, బీన్స్, టమాటా, జొన్న, ఏదైనా ఫరవాలేదు. కొత్తిమీర, సోంపు క్యారెట్ కుటుంబానివే కాబట్టి జాగ్రత్త కోసం అవి కూడా ఆ మడిలో వద్దు. వేరే మడిలో క్యారెట్ వేస్తే ముదురు క్యారెట్ మడికి గాలి దిగువన వేయకండి, వీలైనంత ఎడం ఉంచండి. విత్తనం రంగు పూసి ఉంటే కంపెనీ శుద్ధి చేసినట్టే, దాన్ని మళ్లీ ఏమీ చేయక్కర్లేదు. మామూలు విత్తనమైతే కిలోకు 3 గ్రాముల థైరమ్ అనే శిలీంద్రం మందు పట్టించి విత్తాలి. ఇంటి విత్తనం అయితే 50 డిగ్రీల వేడి నీళ్లలో 20 నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచి, నీడలో ఆరబెట్టవచ్చు. థర్మామీటర్ లేకుండా అంచనాతో చేయొద్దు, రెండు మూడు డిగ్రీలు పెరిగినా మొలక చచ్చిపోతుంది.

రకం ఎంచుకునేటప్పుడు కురోడా రకాల వైపు చూడండి, ఈ తెగులును కొంత తట్టుకుంటాయి. అయితే తట్టుకోవడం వేరు, అసలు రాకపోవడం వేరు. సాలుకూ సాలుకూ అడుగు ఎడం, మొక్కకూ మొక్కకూ రెండు మూడు అంగుళాలు ఉండేలా పలుచన చేయించండి. కూలి దండగ అని చాలామంది పలుచన చేయరు. దట్టంగా వదిలేసిన మడిలో గాలి ఆడదు, గడ్డలూ సన్నగానే వస్తాయి, ఆ మిగిల్చిన కూలి ఇంకో రూపంలో పోతుంది. నెల దాటాక వారానికి ఒకసారి మడిలోకి దిగి కింది ఆకులు తిప్పి చూసే అలవాటు పెట్టుకుంటే, మొదటి మచ్చల దగ్గరే పట్టుకోవచ్చు. ఆ దశలో ఒక్క మాంకోజెబ్‌తో ఆగుతుంది.

కాడల మీద జిగురు కనిపించినా, సంచి పరీక్షలో నల్ల నూగు రాకపోయినా నేను చెప్పిన మందులు కొనకండి. మచ్చలున్న ఆకులను కాడలతో సహా కోసి, కాగితంలో చుట్టి, వాడిపోకముందే హయత్‌నగర్‌లోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి ఆదివారం ఊరెళ్లి కోసి తెచ్చి, సోమవారం పొద్దున్నే ఇవ్వగలరు. ఇప్పటిదాకా కొట్టిన మందుల డబ్బాలు కూడా పట్టుకెళ్లండి. నాన్నగారికి ఈలోగా ఏదైనా అడగాలనిపిస్తే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయమనండి. ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. నీళ్లు పెట్టే వేళ మాత్రం వీటిలో దేని కోసమూ ఆగకుండా రేపే మార్చమనండి.